ఏజెన్సీ శబ్దార్థ విచారము

నానార్థశబ్ద విచారము సంస్కృత వాఙ్మయమున మిక్కిలి ప్రాచీనమైనది. అమరసింహుఁడు తన కోశమునందలి తృతీయకాండమున నానార్థవర్గమును వేఱుగాఁ గూర్చెను. హరిశబ్దమునకు విష్ణువు, ఇంద్రుఁడు, సింహము, కోఁతి, గుఱ్ఱము మున్నగు నర్థములుండుట బాలురు సైత మెఱుఁగుదురు. ఒక శబ్దమున కనేకార్థములున్నపుడు వానిలో నేయర్థమును గ్రహింపవలయునను ప్రశ్నకు సమాధానముగా భర్తృహరి వాక్యపదీయమున సాహచర్యము, ప్రకరణము, దేశము, కాలము మొదలగు నిర్ణాయకములను జెప్పియున్నాఁడు. ఇంతటి సామగ్రి చేతనుండఁగా, నిత్యమును జనుల నోట మెలఁగుచున్న యాంగ్లేయపదములను మ్లేచ్ఛపదములని త్రోసివేసి వాని యర్థములను విచారింపకుండుట పండితులకుఁ దగినపని కాదు. అన్యదేశ్యములు భాషలోఁ జేరిన పిదప వానికిని శక్తి, లక్షణ, రూఢి యనునవి కలుగుచునే యున్నవి. అందులకు "ఏజెన్సీ" యను మాట తగిన యుదాహరణము.

శృంగవరపుకోట దాఁటి, ఘాటుబాటను అనంతగిరి మీఁదుగా అరకులోయకుఁ బోవు బస్సులోఁ గూర్చున్న మైదానపువాఁడు "ఏజెన్సీకిఁ బోవుచున్నాను" అనును. వినినవాఁడు కొండలను, సంతలను, చలిని, చలిజ్వరమును దలఁచుకొనును గాని మఱియొక యర్థమును శంకింపఁడు. ఆ బస్సు మఱికొంతదూర మేఁగి పాడేరు చేరినచో నీ శబ్దము నాలుగు తెఱఁగుల వినవచ్చును. అచటి బడిపంతులు "ఏజెన్సీలో" పనిచేయును. అతని యింటికి వంటవాయువు సిలిండరు "ఏజెన్సీనుండి" వచ్చును. అచటి గిరిజనుల చదువును, సాగును జూచు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయొక్క యాంగ్లేయనామమున కడపటి పదము "ఏజెన్సీ". భూమితగవు వచ్చినపుడు విచారించు నధికారి "ఏజెన్సీ" డివిజనల్ ఆఫీసరు. మొదటిది భూభాగము, రెండవది యంగడి, మూఁడవది సంస్థ, నాలుగవది రాజాధికారము. ఒక్క వీథిలో నిన్ని యర్థములుగల శబ్దము సంస్కృతమున నైనను అరుదు.

ఈ యర్థము లెట్లు పుట్టెనో తెలియుటకు మూలమును జూడవలెను. ఆంగ్లేయమున నీ పదము లాటిను భాషనుండి వచ్చినది. లాటినున "అగెరె" యనఁగా నడపుట, చేయుట. పాణినీయ ధాతుపాఠమున గమనమును, విసరుటయు నర్థములుగాఁ జెప్పఁబడిన అజ ధాతువు దీనికి సోదరము. వేదభాషలోఁ బొలమునకుఁ బేరైన అజ్రశబ్దమును, అదే యర్థముగల లాటిను "అగెర్" శబ్దమును, ఆంగ్లేయుల "ఏకరు"ను, దానినుండి తెలుఁగునకు వచ్చిన "ఎకరము"ను ఒక్క కుటుంబములోనివి. ఆ కుటుంబమును గూడ నీ ధాతువునకే చేర్చుట భాషాశాస్త్రజ్ఞులలోఁ బెక్కండ్ర మతము. ఇట్లు ఏజెన్సీయు నెకరమును దాయాదులగుచున్నవి. కొండసీమలో నీ రెండు మాటలకును గల సంబంధము ధాతువుతోఁ దీఱలేదని ముందు తెలియఁగలదు.

ఆ ధాతువునుండి పుట్టిన "ఏజెంటు" శబ్దమున కాంగ్లేయమున రెండర్థములు ముఖ్యములు. స్వయముగాఁ బనిచేయువాఁడు ఒకఁడు, ఇతరుని పక్షమునఁ బనిచేయువాఁడు మఱియొకఁడు. వ్యాకరణము నెఱిఁగినవారి కీ భేదము క్రొత్తదికాదు. క్రియయందు స్వతంత్రుఁడైనవాఁడు కర్తయనియు, వానిని బ్రేరేఁచువాఁడు హేతువును గర్తయు నగుననియుఁ బాణిని విధించెను. దేవదత్తుఁడు వండుచున్నాఁ డన్నప్పుడు దేవదత్తుఁడు స్వతంత్రకర్త. యజ్ఞదత్తుఁడు దేవదత్తునిచే వండించుచున్నాఁ డన్నప్పుడు ఆ దేవదత్తుఁడే ప్రయోజ్యకర్త. వంట యొక్కటియే, వండువాఁ డొక్కఁడే, కాని స్వాతంత్ర్యమున భేదము కలదు. ఆంగ్లేయ మీ యిరువురు దేవదత్తులను "ఏజెంటు" అను నొక్క పేరుతోనే పిలుచును. మొదటివానినిబట్టి "ఏజెన్సీ" యనఁగాఁ గర్తృత్వము. రెండవవానినిబట్టి ప్రాతినిధ్యము. ఆ ప్రాతినిధ్యమును వహించు సంస్థయు, ఆ ప్రాతినిధ్యమున సరకులమ్ము నంగడియుఁ దరువాతి యర్థములు. ఇంతవఱకు నాంగ్లేయ నిఘంటువుల మార్గమే. కొండసీమ యను నర్థమునకు మాత్రము నిఘంటువు చాలదు, చరిత్ర కావలెను.

ఆ చరిత్రకు మూలము 1839వ సంవత్సరపు 24వ చట్టము. అంతకు ముందు గంజాము, విశాఖపట్టణపు జిల్లాలలోని జమీందారీలయందుఁ గలహములు చెలరేఁగఁగా మదరాసు ప్రభుత్వము 1832లో జి. ఇ. రస్సెల్ అను నధికారిని విశేషాధికారములతోఁ బంపెను. ఆతని విన్నపముల ఫలితముగాఁ బుట్టిన యా చట్టముచేఁ గొండభాగములు సామాన్య న్యాయస్థానముల యధికారమునుండి తొలఁగింపఁబడి, సివిలు క్రిమినలు వ్యవహారములును, శిస్తువసూలును జిల్లా కలెక్టరునకే యప్పగింపఁబడెను. అయితే ఆతఁడు దానిని గలెక్టరుగాఁ గాక, మదరాసు గవర్నరునకు ఏజెంటుగా నడపవలసియుండెను. ఒక్క మనుష్యుఁడే కొండక్రిందఁ గలెక్టరు, కొండమీఁద ఏజెంటు. అతని పాలనలోని భూభాగములకుఁ గాగితములలో "ఏజెన్సీ ట్రాక్టు"లని పేరు. దేవదత్తుని దేవుఁ డనునట్లు తెలుఁగువారు కడపటి మాటను వదలి, మొదటి మాటనే నిలుపుకొనిరి. మంచముల మీఁది బాలురు అఱచుచుండఁగా మంచము లఱచుచున్నవనుట లక్షణకుఁ బ్రసిద్ధోదాహరణము. అచట నాధారము పేరు ఆధేయమునకు వచ్చినది. ఇచట నధికారము పేరు ఆ యధికార మేనేలపై నడచునో ఆ నేలకు వచ్చినది. భేద మింతియే.

తరువాత చట్టములలోఁ బేర్లు పలుమాఱులు మాఱినవి. 1874లో షెడ్యూల్డు జిల్లాలనియు, 1919లో వెనుకఁబడిన భాగములనియు, 1935లోఁ బాక్షికముగా మినహాయింపఁబడిన ప్రాంతములనియు, 1950నుండి రాజ్యాంగపు టైదవ షెడ్యూలునుబట్టి షెడ్యూల్డు ప్రాంతములనియు వ్యవహారము. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు కొరాపుట్టును, గంజాము కొండలలోఁ బెద్దభాగమును మదరాసునుండి విడిపోయినవి. గవర్నరు మాఱెను, రాష్ట్రము మాఱెను, రాజ్యమే మాఱెను. జనుల నోట ఏజెన్సీ మాత్రము మాఱలేదు.

లక్షణచే వచ్చిన యర్థము కాలక్రమమున రూఢియగునని శాస్త్రము. ఈ శబ్దమున కట్టి రూఢి యేర్పడెననుటకు దృఢమైన ప్రమాణము ఆదిలాబాదు. ఆ సీమ నిజాము రాజ్యములోనిది. మదరాసు గవర్నరుగాని, ఆతని ఏజెంటుగాని యచట నెన్నఁడును లేరు. 1839 నాఁటి చట్ట మచట వర్తింపలేదు. ఐనను నేఁడు ఉట్నూరు, ఆసిఫాబాదు అడవులను "ఏజెన్సీ" యనియే వార్తాపత్రికలు వ్రాయుచున్నవి. ఆంధ్రప్రదేశమున 1959లోఁ బుట్టిన షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ నిబంధనలో "ఏజెన్సీ" ప్రదేశము లనఁగా రాష్ట్రపతి షెడ్యూల్డు ప్రాంతములుగాఁ బ్రకటించినవని నిర్వచింపఁబడెను. 1963లో నది తెలంగాణమునకు విస్తరింపఁబడెను. చట్టముతోఁ బాటు మాటయు గోదావరి దాఁటిపోయెను. ఏజెంటు లేని చోట ఏజెన్సీ యుండుట యోగార్థమున కసంభవము. కావున నచట నది శుద్ధరూఢి. పంకమున లేకున్నను గుడిగోడపైఁ జెక్కిన పద్మమును బంకజ మనుట యిట్టిదే.

దేశాంతరముల జూచినను నీ లక్షణ యొంటరి కాదు. వాయవ్యసరిహద్దులోని ఖైబరు, కుర్రము ఏజెన్సీలు పాకిస్థానములో 2018వఱకు నాపేరనే యుండి, యా సంవత్సరమున రాష్ట్రమునఁ గలిసి జిల్లాలైనవి. అమెరికాదేశమున మూలవాసులకుఁ గేటాయింపఁబడిన సీమలలోఁ బ్రభుత్వపు ఏజెంటు నివసించు చోటికి "ఏజెన్సీ" యని పేరు. పైన్ రిడ్జ్ ఏజెన్సీ యట్టిది. ఈ మూఁడు చోట్లను ఒక సామాన్యధర్మము కనఁబడుచున్నది. కొండవారిపైనో, యడవివారిపైనో వారిలోనివాఁడు గాని యధికారిని బ్రభుత్వము నిలిపినపుడు, ఆ నేల తన పేరుతోఁ గాక యా యధికారి పేరుతోఁ బిలువఁబడినది.

తెలుఁగున స్థిరపడిన యితరాంగ్లేయపదములతోఁ బోల్చినచో నీ పదముయొక్క విశేషము స్పష్టమగును. "రైలు" ఆంగ్లేయమున నినుపకమ్మి. తెలుఁగున నా కమ్మిపై నడచు బండి. "గ్లాసు" అచట గాజును, గాజుపాత్రయును. ఇచట నేలోహముతోఁ జేసినను నీరు త్రాగుపాత్ర గ్లాసే, కావుననే "స్టీలు గ్లాసు" అనుట తెలుఁగువారికి విరుద్ధముగాఁ దోఁచదు. "కలెక్టరు" వసూలు చేయువాఁడు. ఇచట జిల్లాకుఁ బెద్ద. వీనియం దెల్ల నర్థము మాఱినను ఒక్కటియే నిలిచినది. బండియైన రైలు మరల గమ్మి కాలేదు. ఏజెన్సీ యట్లు కాక, పాతయర్థములను విడువకయే క్రొత్తదానిని జేర్చుకొనినది. అందుచేతఁ బత్రికలో "ఏజెన్సీ వార్తలు" అని యున్నచోఁ గొండలలోని వార్తలో, వార్తలమ్ము సంస్థ పంపినవో ప్రకరణమును జూడక నిర్ణయింప వీలులేదు. కొండసీమలోనే దీనికిఁ జక్కని తోడు "ముఠా" శబ్దము. మైదానములో ముఠా యనఁగా దుష్టులగుంపు. మన్యమున ముఠాయనఁగాఁ గొన్ని గ్రామముల సముదాయము. దానిపై శిస్తు వసూలుచేసి యిచ్చు పెద్ద ముఠాదారు. 1969 నాఁటి నిబంధనచే ముఠాలు రద్దైనను చరిత్రగ్రంథములలో నామాట నిలిచియున్నది. రంప తిరుగుబాటునుగూర్చి చదువు మైదానపు విద్యార్థి "ముఠాదారులు తిరుగఁబడిరి" అను వాక్యమును జూచి దొంగల నాయకులు తిరుగఁబడిరని తలఁచినచోఁ దప్పు బాలునిది కాదు. దేశమును నిర్ణాయకముగాఁ జెప్పని యుపాధ్యాయునిది.

ఇచట నొక పూర్వపక్షము. "తెలుఁగున మన్య మను చక్కని మాట యుండఁగా ఏజెన్సీ యేల? దానిని దుడిచివేయవలెను" అని కొందఱందురు. మన్నెము, మన్యము అనునవి కొండసీమకుఁ బేర్లగుట నిఘంటుప్రసిద్ధము. కొండదొరకు మన్నెదొర యని వ్యవహారము కలదు. విజయనగర ప్రభువుల బిరుదములలో "మన్నె సుల్తాను" ఒకటి. 2022 ఏప్రిల్ 4న నేర్పడిన క్రొత్తజిల్లాలలో నొకదానికిఁ బార్వతీపురము మన్యము జిల్లా యని పేరు పెట్టుటచేఁ బ్రభుత్వమును నీ మాటను గౌరవించినది. పన్నులేని యీనాముభూమికిఁ బేరైన "మాన్యము"తో దీనిని గలిపి వ్రాయుట మాత్రము ప్రమాదము. దీర్ఘముతో నర్థమే మాఱును. ఇన్ని గుణములున్నను మన్యశబ్దము ఏజెన్సీశబ్దమునకుఁ బూర్తిగాఁ బర్యాయము కాదు. మన్య మనఁగా నేలయొక్క స్వరూపము. ఏజెన్సీ యనఁగా నా నేలపై నడచు చట్టము. ఒకటి కంటికిఁ గనఁబడును. మఱియొకటి కాగితమునఁ గనఁబడును.

ఈ భేదము పండితుల వినోదమునకై చెప్పినది కాదు. అనకాపల్లి జిల్లాలోఁ గొండ యంచునఁ గొన్ని గిరిజన గ్రామములున్నవి. అవి కొండమీఁదివే, అచటి జనులు గిరిజనులే, పోడు సాగు నట్టిదే. మైదానపువాఁడు వానిని గూడ "ఏజెన్సీ" యనియే పిలుచును. కాని రాష్ట్రపతి ప్రకటించిన జాబితాలో నవి లేనందున నచట షెడ్యూల్డు ప్రాంతపు భూరక్షణ వర్తింపదు. రూఢిచే ఏజెన్సీ యైనది పరిభాషచే ఏజెన్సీ కాలేదు. ఒక గ్రామపుఁ బొలములు గిరిజనేతరునిపరము గావచ్చునా కారాదా యను ప్రశ్న యిట్లొక శబ్దముయొక్క రెండర్థముల నడుమ నున్నది. ఎకరమునకును ఏజెన్సీకిని గల దాయాదిత్వ మిదియే. ఆ గ్రామములను మన్యమని వ్రాసిన రచయిత సత్యము పలికినవాఁడు. ఏజెన్సీ యని వ్రాసినవాఁడు, తెలియకయే, వారికి లేని హక్కు ఉన్నట్లు చెప్పినవాఁడు. ఆ గ్రామస్థులు షెడ్యూలులోఁ జేర్పుఁడని యడుగుచుండఁగా, చేరియే యున్నవని లోకమును నమ్మించు వ్రాఁత వారికిఁ గీడు చేయును.

శబ్దార్థనిర్ణయము కొండభూములను గాపాడిన యుదాహరణమును గలదు. 1970లో సవరింపఁబడిన పై భూబదిలీ నిబంధన ననుసరించి, ఆ ప్రదేశములందు నే "పర్సను" గాని గిరిజనునకుఁ దప్ప నితరునకు స్థిరాస్తిని బదిలీ చేయరాదు. పర్సనను నాంగ్లేయపదమునకు మనుష్యుఁడని లోకార్థము. చట్టమున సంస్థలును పర్సనులే. ప్రభుత్వము పర్సనగునా? అరకులోయకు సమీపమున ననంతగిరి మండలములో, బొఱ్ఱా పరిసర గ్రామములలోఁ బ్రభుత్వము గిరిజనేతరుల కిచ్చిన గనుల కౌలులనుగూర్చి "సమత" యను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున నిదియే ముఖ్యప్రశ్న. 1997లో సర్వోన్నత న్యాయస్థానమున మువ్వురు న్యాయమూర్తులలో నిరువురు ప్రభుత్వమును నీ శబ్దములోఁ జేరునని నిర్ణయించిరి. ఒకరు భిన్నాభిప్రాయ మిచ్చిరి. గిరిజనుల భూమి గిరిజనుల యొద్దనే యుండవలె నను చట్టప్రయోజనము శబ్దార్థమును నిర్ణయించినది. భర్తృహరి చెప్పిన నిర్ణాయకములు పాఠశాలలలో నలంకారశాస్త్రపుఁ బ్రశ్నలకు మాత్రమే పనికివచ్చునని తలఁచువారు దీనిని గమనింపవలెను.

ఇఁక మొదటి యర్థమైన కర్తృత్వమును గూర్చి. నేఁటి చరిత్రకారులును, సమాజశాస్త్రజ్ఞులును ఆంగ్లేయమున నొక జాతికి, స్త్రీలకు, పీడితులకు "ఏజెన్సీ" కలదని వ్రాయుదురు. తమంతఁ దాము తలఁచి చేయు శక్తి యని దాని భావము. దీనిని దెలుఁగున "గిరిజనుల ఏజెన్సీ" యని యట్లే యుంచినచోఁ జదువరికి గిరిజనులు నివసించు కొండసీమ యనియే తోఁచును. గ్రంథకర్త స్వాతంత్ర్యమును జెప్పఁగా, అనువాదము భూగోళమును జెప్పును. ఇంతకంటె నర్థహాని వేఱొకటి లేదు.

ఇందుఁ జరిత్రకును హాని కలదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుఠాణాపై దాడి జరిగెను. ఆ పితూరీని వర్ణించువారిలోఁ గొందఱు అల్లూరి సీతారామరాజు నొక్కనిని స్వతంత్రకర్తగాను, కొండవారి నందఱిని ఆతనిచేఁ బ్రేరేపింపఁబడిన ప్రయోజ్యులుగాను వ్రాయుదురు. కాని గాము గంటము దొర, గాము మల్లుదొర మున్నగువారు తమ కష్టముల నెఱిఁగి, తామే నిశ్చయించుకొని పోరాటమునఁ జేరినవారు. అంతకు ముందు 1879లో రంపసీమలో ముఠాదారులును వారి జనులును తిరుగఁబడిననాఁటికి రాజు జన్మింపనే లేదు. నాయకుని మహిమను దగ్గింపకయే యనుచరుల స్వాతంత్ర్యమును జెప్పవచ్చును. ప్రయోజకుఁడున్నంతమాత్రమునఁ బ్రయోజ్యుని కర్తృత్వము నశింపదని వ్యాకరణమే చెప్పుచున్నది. వండించినవాఁడు యజ్ఞదత్తుఁడైనను వండిన చేతులు దేవదత్తునివే.

"కార్యకర్తృమండలము" వంటి క్రొత్త సమాసములను గల్పించి ఏజెన్సీకి బదులుగా వాడుఁడనుటయుఁ దగదు. ఎవ్వరును బలుకని మాట నిఘంటువునకు భారము. భాష నెఱుఁగవలె నన్నచో జనుల నోటివద్దకుఁ బోవలెను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నడుమఁ దిరిగి వారి భాషను నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ఆంగ్లేయమునఁ బ్రకటించిరి. గ్రాంథికభాషా విషయమున వారితో నేకీభవింపనివారును ఆ మార్గమును దప్పు పట్టఁజాలరు.

కావున నిఘంటుకారులు ఏజెన్సీశబ్దమును నాంగ్లేయమని విడువక, నాలుగర్థములతో నారోపముగాఁ జేర్పవలెను. ప్రాతినిధ్యమును, దానిని వహించు సంస్థయు నొకటి. సరకులమ్ము నంగడి రెండవది. 1839 నుండి యేజెంటుపాలనలోని కొండసీమయు, రూఢిచే నట్టి యితర సీమలును మూఁడవది. చట్టపరిభాషలో షెడ్యూల్డు ప్రాంతము నాలుగవది. కర్తృత్వమను నాంగ్లేయార్థము తెలుఁగున నీ శబ్దమునకు లేదని యచటనే సూచింపవలెను. ఉపాధ్యాయులు నేలను జెప్పునపుడు మన్యమనియు, చట్టమును జెప్పునపుడు షెడ్యూల్డు ప్రాంతమనియు, చేయుశక్తిని జెప్పునపుడు కర్తృత్వమనియు వ్రాయ నేర్పినచో సందేహమునకుఁ దావుండదు. సామాన్యవ్యవహారమున ఏజెన్సీ ఏజెన్సీగానే యుండుఁగాక. జనులు నూఱేండ్లకుఁ బైగాఁ బలికిన మాటను దొలఁగించుట యెవ్వరి తరము కాదు.

ఒక సీమకు దాని పాలకుని పదవి పేరైనది. ఆ పేరునకే మూలభాషలో స్వతంత్రముగాఁ బనిచేయుట యని మఱియొక యర్థము కలదు. ఆ సీమలోని జనులను దలఁచునపుడు మొదటి యర్థమును మాత్రమే యెఱిఁగి రెండవదానిని మఱచుట శబ్దమునకును, జనులకును నన్యాయము. దీనిని విజ్ఞులు విమర్శించి గ్రహింతురుగాక.